టీకాకు రానివాళ్లంతా భయపడేవాళ్లేనా?

పల్స్ పోలియో ఆదివారం గడిచాక బృందాలు ఒకటి రెండు రోజులు ఇంటింటికీ తిరుగుతాయి. ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలందరికీ చుక్కలు పడ్డాయంటే గోడ మీద సుద్దముక్కతో ‘పి’ అని రాసి పోతారు. ఒక్క బిడ్డ మిగిలిపోయినా ‘ఎక్స్’ వేస్తారు. మన ఊళ్లలో ఆ రాతలు వానకు చెరిగేదాకా గోడల మీదే ఉంటాయి. వాటివైపు చూసేవాళ్లు తక్కువ.

ఉత్తర్‌ప్రదేశ్, బిహార్‌లలో పోలియో ఎంతకీ వదలని రోజుల్లో మాత్రం ఉత్త ‘ఎక్స్’ సరిపోలేదు. దాన్ని విడగొట్టారు. ఇంటికి తాళం ఉంటే ఎక్స్-ఎల్. బిడ్డకు ఒంట్లో బాగాలేదంటే ఎక్స్-ఎస్. ఊళ్లోనే ఉంది, ఆ వేళకు ఇంట్లో లేదంటే ఎక్స్-హెచ్. ఊరు దాటి వెళ్లి ఉంటే ఎక్స్-వి. తలుపు తీసి, ఎదురుగా నిలబడి ‘మా బిడ్డకు వద్దు’ అంటేనే ఎక్స్-ఆర్. ఈ గుర్తుల వల్ల మర్నాడు ఎవరు వెళ్లాలో తేలేది. తాళం ఉన్న ఇంటికి అదే బృందం సాయంత్రం మళ్లీ వెళితే చాలు. జలుబు చేసిన బిడ్డ తల్లికి, జలుబున్నా చుక్కలు వేయొచ్చని డాక్టరు చెబితే నమ్మకం కుదురుతుంది. వద్దన్న ఇంటికి మాత్రం మసీదు ఇమామో, బడి పంతులో, ఆ ఇంటివాళ్లు మాట వినే మరొకరో కదలాలి. 2002లో దేశంలో 1,600 పోలియో కేసులు వచ్చాయి. చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డాలో బయటపడింది. మధ్యలో పనికొచ్చిన వాటిలో ఈ సుద్దముక్క అక్షరాలు కూడా ఉన్నాయని చాలామందికి తెలియదు.

టీకా వేయించుకోని మనిషి, టీకా వద్దన్న మనిషి ఒకరు కారు. చెబితే ‘ఇది తెలిసిందేగా’ అనిపిస్తుంది. కానీ టీకాల మీద జనానికుండే జంకును (ఇంగ్లిషులో ‘వ్యాక్సిన్ హెజిటెన్సీ’) కొలిచే శాస్త్రం ఈ తేడాను తన నిర్వచనంలోకి తెచ్చుకోవడానికి దాదాపు పదేళ్లు తీసుకుంది. ఆ పదేళ్లలో ప్రశ్నాపత్రాలు, స్కేళ్లు, సూచీలు బోలెడు పుట్టాయి. వాటిలో కొన్ని నిజంగా పనికొచ్చేవి. కొన్ని మాత్రం ప్రభుత్వాల చేతకానితనాన్ని జనం ఖాతాలో రాయడానికి బాగా అక్కరకొచ్చాయి.

నిర్వచనం దగ్గరే చిక్కు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో ఈ జంకు మీద ఒక నిపుణుల బృందాన్ని వేసింది. 2014లో వాళ్లు ఇచ్చిన నిర్వచనం ఇలా ఉంది: టీకా సేవలు అందుబాటులో ఉన్నా, వాటిని ఆలస్యంగా తీసుకోవడం లేదా తిరస్కరించడం. కారణాలను మూడు పెట్టెల్లో సర్దారు. టీకా మీద, వేసే వ్యవస్థ మీద నమ్మకం ఒకటి. ఆ జబ్బు మనదాకా రాదులే అన్న ధీమా రెండోది. వెళ్లి వేయించుకోవడంలో ఉండే వీలు, సౌకర్యం మూడోది. ఇంగ్లిషులో మూడూ సి అక్షరంతో మొదలవుతాయి గనక దీన్ని 3సి అన్నారు.

ఇక్కడొక తిరకాసు ఉంది. ‘సేవలు అందుబాటులో ఉన్నా’ అని నిర్వచనం మొదట్లోనే షరతు పెట్టారు. మళ్లీ మూడో పెట్టెలో ‘సౌకర్యం’ పెట్టారు. సబ్‌సెంటరు ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంది, ఆటో దొరకదు, మిర్చి కోతల కాలం, ఒక రోజు పోతే కూలి పోతుంది. ఈ తల్లికి సేవ అందుబాటులో ఉన్నట్టా, లేనట్టా? ఉందనుకుంటే ఆమె జంకుతున్నట్టు లెక్క. లేదనుకుంటే లెక్కలోకే రాదు. ఆమె మనసులో టీకా మీద ఏ అనుమానమూ లేదన్న సంగతి మాత్రం ఏ లెక్కలోనూ కనపడదు. ఇలాంటి తల్లులు లక్షల్లో ఉంటారు.

2022కి వచ్చేసరికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట మార్చింది. టీకా విషయంలో మనసు రెండుగా ఉండటం, లేదా వ్యతిరేకంగా ఉండటం, అంతవరకే ఈ జంకు అని తేల్చింది. అది మనసు స్థితి. టీకా వేయించుకోకపోవడం ఒక పని, దాని వెనుక మనసు ఉండొచ్చు, దూరం ఉండొచ్చు, మందు స్టాకు అయిపోవడమూ ఉండొచ్చు. చూడటానికి చిన్న సవరణే. కానీ దీనితో, పాత నిర్వచనం ప్రకారం ‘జంకేవాళ్లు’గా లెక్కకొచ్చిన ఎంతోమంది ఆ జాబితాలోంచి బయటపడ్డారు.

మనసును కొలిచే కొలబద్ద ఎలా తయారవుతుంది

మనసులో ఉన్నదాన్ని థర్మామీటరు పెట్టి చూడలేం. అందుకే వాక్యాలు చదివించి, ‘దీంతో మీరు ఎంతవరకు ఏకీభవిస్తారు’ అని అడుగుతారు. ‘అస్సలు కాదు’కి 1, ‘పూర్తిగా’కి 7. ఈ రంగంలో ఎక్కువ వాడుకలో ఉన్న వాటిలో జర్మనీలోని ఎర్ఫుర్ట్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త కార్నీలియా బెట్ష్, ఆమె సహచరులు 2018లో ప్రచురించిన 5సి స్కేలు ఒకటి. పాత మూడింటిలో నమ్మకాన్ని, ధీమాను అలాగే ఉంచారు. సౌకర్యం అన్నదాన్ని తిరగేసి ‘అడ్డంకులు’ చేశారు. కొత్తగా రెండు చేర్చారు: లాభనష్టాల బేరీజు, నలుగురి పట్ల బాధ్యత. పూర్తి స్కేలులో 15 వాక్యాలు ఉంటాయి. తీరిక లేని సర్వేలకు ఒక్కో కారణానికి ఒక్కటి చొప్పున 5 వాక్యాల పొట్టి రూపం ఉంది.

కొత్తగా చేర్చిన రెండింటిలో బేరీజు సంగతి ఆసక్తికరం. నిర్ణయం తీసుకునే ముందు అన్నీ చదివి, మంచీ చెడ్డా తూచుకునే మనిషి టీకాకు ముందుంటాడని మనం అనుకుంటాం. తరచూ తిరగబడే అంచనా ఇది. వెతికే అలవాటున్నవాడికి మంచి సమాచారంతో పాటు చెత్త సమాచారమూ ఎదురవుతుంది. పైగా అరుదైన దుష్ప్రభావం గురించిన ఒక్క వీడియో, ఏమీ కాని లక్షల మంది కంటే గట్టిగా గుర్తుండిపోతుంది. మన వాట్సాప్ గ్రూపుల్లో దీనికి రుజువులు వెతకనక్కర్లేదు. 2017లో మీజిల్స్-రుబెల్లా టీకా కార్యక్రమం తమిళనాడు, కర్ణాటకల్లో మొదలైనప్పుడు వదంతులు ఎక్కువగా తిరిగింది వాట్సాప్‌లోనే. అవి అందింది, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉండి పిల్లల కోసం అన్నీ చదివే తల్లిదండ్రులకే.

నలుగురి పట్ల బాధ్యతను అడిగే తీరు కూడా గమనించదగ్గది. ‘అందరూ వేయించుకుంటే నేను వేయించుకోనక్కర్లేదు’ అన్న వాక్యం ఇస్తారు. ఎంత ఎక్కువగా ఒప్పుకుంటే బాధ్యత అంత తక్కువ అని లెక్క తిరగేస్తారు. ఇలా తలకిందుల వాక్యాలు కలపడానికి కారణం ఉంది. చాలామంది ఏది చదివినా తల ఊపేస్తారు, ముఖ్యంగా అడిగేవాళ్లు చదువుకున్నవాళ్లయినప్పుడు. ‘టీకాలు మంచివి’ అన్నా అవునంటారు, ‘టీకాలతో ప్రమాదం’ అన్నా అవునంటారు. రెండింటికీ అవునన్న మనిషి దగ్గర అభిప్రాయం కంటే మర్యాద ఎక్కువుందని అర్థమవుతుంది.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. ఐదు కారణాల మార్కులూ కూడేసి, సగటు తీసి, ‘ఈ జిల్లాలో జంకు ఇంత శాతం’ అని చెప్పేస్తారు. స్కేలు కట్టింది అందుకు కాదు. నమ్మకం నిండా ఉండి అడ్డంకులతో ఆగిపోయినవాడికీ, అడ్డంకులేమీ లేకుండా నమ్మకం సన్నగిల్లినవాడికీ కూడితే ఒకే మార్కు రావచ్చు. మొదటివాడికి ఇంటి దగ్గరికి టీకా శిబిరం కావాలి. రెండోవాడి ఇంటి ముందు శిబిరం పెడితే చిరాకు పెరుగుతుంది. ఐదు సంఖ్యలుగా ఉంచితేనే ఆ స్కేలుకు విలువ. తర్వాత 2021లో మరికొందరు పరిశోధకులు ఇంకో రెండు కారణాలు కలిపి దీన్ని 7సి చేశారు: నియమం పెట్టి అమలు చేయడాన్ని సమర్థించే ధోరణి, కుట్ర సిద్ధాంతాల మీద నమ్మకం. సి అక్షరంతో మాటలు దొరికినంతకాలం ఈ పెరుగుదల ఆగదేమో అనిపిస్తుంది.

చెప్పేది, చేసేది

కొలబద్ద తయారైంది సరే, అది సరిగ్గా కొలుస్తోందని ఎలా తెలుస్తుంది? దానికి ఒక నిజాయతీ గల దారి ఉంది. జవాబులను ఆసుపత్రి రికార్డులతో పోల్చి చూడటం. అమెరికాలోని సియాటిల్‌లో డగ్లస్ ఓపెల్ అనే పిల్లల డాక్టరు, ఆయన బృందం 2011లో తల్లిదండ్రుల కోసం 15 ప్రశ్నల పత్రం సిద్ధం చేశారు. మార్కులు 0 నుంచి 100. 50 దాటితే జంకు ఉన్నట్టు. చిన్న బిడ్డల తల్లిదండ్రులకు ఆ పత్రం ఇచ్చి, ఆ బిడ్డలకు 19 నెలలు వచ్చేసరికి ఎన్ని రోజులు టీకా గడువు దాటిపోయి ఉన్నారో రికార్డుల్లోంచి తీశారు. 2013లో ప్రచురించిన ఫలితం ప్రకారం 50 నుంచి 69 మధ్య వచ్చినవాళ్ల పిల్లల్లో తేడా కొద్దిపాటిదే. 70 దాటినవాళ్ల పిల్లల్లో మాత్రం చాలా పెద్దది. అంటే మధ్యలో ఉన్నవాళ్లు ప్రశ్నలు అడుగుతారు, గొణుగుతారు, చివరికి ఎక్కువమంది వేయించేస్తారు. గొణుగుడును తిరస్కారంగా లెక్కవేస్తే వీళ్లతో అనవసరంగా పేచీ పెట్టుకున్నట్టవుతుంది.

ఈ గొణుగుడుకు దేశం మొత్తం మీద ఒక ఉదాహరణ ఫ్రాన్స్. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌లో హైడీ లార్సన్ నడిపే బృందం 67 దేశాల్లో చేసిన సర్వేను 2016లో ప్రచురించింది. టీకాలు సురక్షితం కాదన్నవాళ్లు ఫ్రాన్స్‌లో 41 శాతం. 67 దేశాల్లోనూ అదే ఎక్కువ. ప్రపంచం అట్టుడికినంత పనైంది. అదే ఫ్రాన్స్‌లో అప్పటికే డిఫ్తీరియా, ధనుర్వాతం, పోలియో టీకాలు 95 శాతానికి పైగా పిల్లలకు పడుతున్నాయి, ఎందుకంటే ఆ మూడూ చట్టప్రకారం తప్పనిసరి. 2018లో ఆ తప్పనిసరి జాబితాను మూడు నుంచి పదకొండుకు పెంచారు. ఆ 41 శాతం మంది ఏమయ్యారంటే, ఎక్కువమంది అనుమానపడుతూనే పిల్లలను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు.

మన దగ్గర పరిస్థితి తరచూ తలకిందులుగా ఉంటుంది. అనుమానం లేదు, టీకా కూడా పడలేదు. దీన్ని రాజస్థాన్‌లోని ఉదయ్‌పుర్ జిల్లాలో జరిగిన ఒక ప్రయోగం చక్కగా బయటపెట్టింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వాళ్ల సహచరులు సేవామందిర్ అనే సంస్థతో కలిసి 134 పల్లెల్లో చేశారు. కొన్ని ఊళ్లను ఉన్నవి ఉన్నట్టు వదిలేశారు. అక్కడ టీకాలన్నీ పూర్తయిన పిల్లలు 6 శాతం. కొన్ని ఊళ్లలో నెలనెలా చెప్పిన రోజుకు, చెప్పిన వేళకు, తప్పకుండా శిబిరం పెట్టారు. నర్సు కచ్చితంగా వస్తుందన్న ఒక్క భరోసాతో అది 18 శాతమైంది. ఇంకొన్ని ఊళ్లలో శిబిరంతో పాటు ప్రతి టీకాకూ కిలో పప్పు, అన్నీ పూర్తయితే కంచాల సెట్టు ఇచ్చారు. అక్కడ 39 శాతం. పైగా నర్సు ఎలాగూ రోజంతా కూర్చునేదే గనక, ఎక్కువమంది పిల్లలు రావడంతో బిడ్డకయ్యే ఖర్చు పప్పు డబ్బులు కలిపినా సగానికి తగ్గింది.

కిలో పప్పుకు కరిగిపోయే అభ్యంతరం టీకా మీద గట్టి వ్యతిరేకతో, మత విశ్వాసమో అయి ఉండదు. ‘వచ్చే నెల చూద్దాం’ అన్నంత తేలికపాటిది. కానీ ప్రయోగానికి ముందు ఆ తల్లులను ‘ఎందుకు వేయించలేదు’ అని అడిగి ఉంటే ఏం చెప్పేవారు? ఏదో ఒకటి చెప్పి ఉండేవారు. మనిషిని కారణం అడిగితే, కారణం లేని చోట కూడా ఒకటి తయారుచేసి ఇస్తాడు. 61 శాతం పిల్లలకు పప్పు, కంచాలు పెట్టినా టీకాలు పూర్తికాలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. వాళ్ల కారణాలు ఇంకా లోతుగా ఉన్నాయి, ఈ ప్రయోగం వాటిని తవ్వలేదు.

2009లో యునిసెఫ్ దేశవ్యాప్తంగా చేయించిన కవరేజి సర్వేలో అచ్చంగా ఆ ప్రశ్నే ఉంది. టీకాలు పూర్తికాని పిల్లల విషయంలో వచ్చిన జవాబుల్లో ‘అవసరం అనిపించలేదు’ అన్నది సుమారు 28 శాతం. ‘టీకాల గురించి తెలియదు’ సుమారు 26 శాతం. దుష్ప్రభావాల భయం 8 శాతం దాకా. పత్రికల్లో, టీవీల్లో ఎంతో చోటు ఆక్రమించే భయం ఇక్కడ వెనకవరసలో ఉంది. ఇక ‘అవసరం అనిపించలేదు’ అన్న జవాబును చూడండి. జబ్బు రాదన్న ధీమా కావచ్చు. మొదటి సూదికి బిడ్డ రెండు రోజులు జ్వరంతో ఏడిస్తే అత్తగారు ఇక చాలన్నదేమో. ఏఎన్ఎం ఎప్పుడొస్తుందో తెలియక విసిగిపోవడమూ కావచ్చు. ఒక గడిలో టిక్కు పెట్టగానే ఈ మూడూ ఒకటైపోతాయి.

అడిగేదెవరన్నది ఇంకో సమస్య. టీకా వేసే ఏఎన్ఎమ్మే ఫారం పట్టుకొని ‘నా మీద నమ్మకం ఉందా’ అన్న అర్థం వచ్చే ప్రశ్న అడిగితే, ఊళ్లో ఎవరైనా ‘లేదు’ అంటారా? రేపు జ్వరమొస్తే మాత్ర అడగాల్సింది ఆమెనే. అందుకే ఇలాంటి సర్వేలకు ఆరోగ్యశాఖతో సంబంధం లేనివాళ్లను పంపాలని చెబుతారు. ఆచరణలో బడ్జెట్ లేదని ఆశా వర్కర్ల మీదే పడేయడం మామూలే.

రెండున్నర లక్షల మంది, పది మంది

ఎవరిని అడుగుతున్నాం అన్నదాంట్లో కోవిడ్ కాలం ఒక పెద్ద పాఠం చెప్పింది. అమెరికాలో ఫేస్‌బుక్ ద్వారా కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం చేసిన సర్వేకు వారానికి సుమారు 2,50,000 మంది జవాబిచ్చేవారు. అక్కడి జనగణన విభాగం సర్వేలో రెండు వారాలకు 75,000 మంది. మరో పోలింగ్ సంస్థ వారానికి వెయ్యి మందినే అడిగేది, కానీ ఆ వెయ్యి మందిని జాగ్రత్తగా ఎంచుకుంది, ఇంటర్నెట్ లేనివాళ్లకు ట్యాబ్లెట్లు ఇచ్చి మరీ. 2021 మే నాటికి ఎంతమంది తొలి డోసు తీసుకున్నారో ప్రభుత్వ రికార్డులతో పోల్చి చూస్తే, ఫేస్‌బుక్ సర్వే 17 శాతం పాయింట్లు, జనగణన సర్వే 14 పాయింట్లు ఎక్కువ చూపించాయి. వెయ్యి మంది సర్వే దాదాపు సరిగ్గా వచ్చింది. హార్వర్డ్‌కు చెందిన షియావో-లి మెంగ్, మరికొందరు గణాంక శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో దీన్ని విప్పి చూపించారు. ఆ రెండున్నర లక్షల జవాబుల విలువ, యాదృచ్ఛికంగా ఎంచుకున్న పది మందిని అడిగినంతే అని తేల్చారు.

టీకా వేయించుకున్నవాళ్ల సంఖ్యకు ప్రభుత్వ రికార్డు ఉంది గనక తప్పు దొరికింది. జంకుకు ఏ రికార్డూ లేదు. అదే సర్వేలు, అదే రోజుల్లో, అదే మనుషుల జవాబులతో ‘ఇంత శాతం మంది వెనకాడుతున్నారు’ అని కూడా ప్రకటించాయి. అది ఎంత తప్పో సరిచూసుకోవడానికి పక్కన పెట్టుకునే కాగితమే లేదు. ఫోన్లో, ఆన్‌లైన్లో చేసే మన సర్వేలను చదివేటప్పుడు ఇది మనసులో పెట్టుకోవాలి. ఫోన్ లేని ఇల్లు, ఫోన్ భర్త జేబులోనే ఉండే ఇల్లు, వలస కూలీల గుడిసెలు, అసలు టీకాలు అందని పిల్లలు ఎక్కువగా ఉండేది అక్కడే. వాళ్లే సర్వేలో ఉండరు.

ఎప్పుడు అడుగుతున్నాం అన్నదీ అంతే ముఖ్యం. 2021 జనవరి 16న మన దేశంలో కోవిడ్ టీకాలు మొదలైనప్పుడు ముందువరుసలో ఉన్నది ఆరోగ్య సిబ్బంది. వాళ్లలోనే చాలామంది తొలి వారాల్లో రాలేదు. హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్‌కు మూడో దశ ఫలితాలు రాకముందే ‘క్లినికల్ ట్రయల్ మోడ్’ అంటూ అనుమతి ఇచ్చారు. వేయించుకునేవాళ్లతో విడిగా అంగీకార పత్రం మీద సంతకం తీసుకున్నారు. ట్రయల్ అంటే ఏమిటో తెలిసిన డాక్టర్లు, నర్సులు ‘ఫలితాలు రానీయండి’ అంటే దాన్ని అజ్ఞానం అనలేం. మార్చిలో మధ్యంతర ఫలితాలు వచ్చాయి. ఏప్రిల్, మే నెలల్లో రెండో వేవ్ ఊళ్లను ఊపేసింది. అంతే, అదే జనం కోవిన్ పోర్టల్లో స్లాటు కోసం రాత్రిళ్లు మేలుకున్నారు. స్లాట్లు లేవు, ఎందుకంటే టీకాలే లేవు. జనవరిలో చేసిన సర్వే ఫలితం పట్టుకొని మేలో ‘మనవాళ్లు వెనకాడుతున్నారు’ అని చర్చలు పెట్టినవాళ్లు టీవీల్లో కనిపించారు.

దీనికి తలకిందులుగా, ఉన్న నమ్మకం కూలింది ఫిలిప్పీన్స్‌లో. డెంగీ టీకా డెంగ్‌వ్యాక్సియాను అక్కడ లక్షల మంది బడిపిల్లలకు వేశాక, అంతకుముందు డెంగీ రాని పిల్లల్లో తర్వాత జబ్బు తీవ్రంగా రావచ్చని తయారీ కంపెనీ సనోఫీ 2017 నవంబరులో ప్రకటించింది. టీకాలు ముఖ్యమని గట్టిగా ఒప్పుకునేవాళ్లు 2015లో 93 శాతం ఉండగా 2018లో 32 శాతానికి పడిపోయారు. డెంగీ టీకా ఒక్కదాని మీదే కాదు, మొత్తం టీకాల మీద అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబిది.

ఖమ్మం ఫారాలు

నమ్మకాన్ని కొలిచే ప్రశ్నలన్నీ ఒకే దిక్కుగా ఉంటాయి: ‘మీరు ప్రభుత్వాన్ని, డాక్టర్లను ఎంత నమ్ముతున్నారు?’ తక్కువ మార్కు వస్తే లోపం జవాబిచ్చిన మనిషిదే అన్నట్టు చూస్తారు. ఆ నమ్మకానికి అవతలివాళ్లు ఎంత తగినవాళ్లో అడిగే గడి ఏ స్కేలులోనూ ఉండదు. మన దగ్గర దీనికి ఉదాహరణ కోసం దూరం వెళ్లనక్కర్లేదు. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను బడి వయసు ఆడపిల్లలకు వేసే ప్రాజెక్టు మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి చేపట్టాయి. ఖమ్మంలో ఈ పిల్లల్లో చాలామంది గిరిజన హాస్టళ్లలో చదివేవాళ్లు. కొందరు పిల్లలు చనిపోవడం, మహిళా సంఘాలు నిలదీయడంతో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది.

ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు కనపడలేదని విచారణ కమిటీ చెప్పింది. కానీ అంగీకార పత్రాల సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 ఫారాల్లో 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ ప్రాంతంలో ఇవాళ ఒక తల్లి ‘ప్రభుత్వం వేసే టీకా మీద నమ్మకం లేదు’ అన్న గడిలో టిక్కు పెడితే, సర్వే ఆమెను ఫేస్‌బుక్ వదంతి నమ్మినవాళ్లతో కలిపి లెక్కవేస్తుంది. టీకా మంచిదే. హెచ్‌పీవీ టీకా ఆడపిల్లల ప్రాణాలు కాపాడుతుందనడానికి ఇప్పుడు అనుమానం లేదు. అయినా ఆమె అనుభవమూ నిజమే. ఆమెకు కరపత్రం ఇవ్వడం దండగ, సంతకం అడిగేవాళ్లు ఈసారి ఆమె దగ్గరికే రావాలి.

పశ్చిమ ఉత్తర్‌ప్రదేశ్‌లోని ఎక్స్-ఆర్ ఇళ్లలో కూడా ఇలాంటివి బయటపడ్డాయి. చుక్కలతో పిల్లలు పుట్టకుండా పోతారన్న వదంతి కొన్నిచోట్ల ఉన్నమాట నిజం. ఇంకొన్నిచోట్ల ‘విరేచనాలతో బిడ్డ చస్తుంటే రానివాళ్లు, నెలనెలా చుక్కలకు మాత్రం వస్తారేం’ అన్న కోపం. మరికొన్ని ఊళ్లు కరెంటో, రోడ్డో వేస్తేనే చుక్కలు వేయనిస్తామని మూకుమ్మడిగా తలుపులు మూశాయి. ప్రభుత్వం తమ గడప తొక్కే ఒకే ఒక్క సందర్భాన్ని వాళ్లు బేరానికి వాడుకున్నారు. దీన్ని ఏ సి కింద రాస్తారు?

ఇప్పుడు ఏం అడగమంటున్నారు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కొత్త పనిముట్టు ఒకటి ఇచ్చింది. దానిలో నాలుగు భాగాలు: మనిషి ఏమనుకుంటున్నాడు, చుట్టూ ఉన్నవాళ్లు ఏమంటున్నారు, వేయించుకోవాలన్న ఉద్దేశం ఉందా, ఆచరణలో ఏం అడ్డొస్తోంది. టైము లేనివాళ్లు కనీసం ఐదు ప్రశ్నలు అడగమన్నారు. టీకా వల్ల మేలుందనుకుంటున్నారా? ఇంట్లోవాళ్లు వేయించమంటున్నారా? బిడ్డకు వేయించాలని ఉందా? ఎక్కడ వేస్తారో తెలుసా? వెళ్లిరావడానికి అయ్యే ఖర్చు భరించగలరా? వీటిలో చివరి రెండూ మనసుకు సంబంధించినవి కావు. పూర్తి పత్రంలో నాకు బాగా నచ్చింది ఇంకోటి: బిడ్డను టీకాకు తీసుకెళ్లాలంటే మీరు ఎవరి అనుమతైనా తీసుకోవాలా? చాలా ఇళ్లలో తల్లిని పట్టుకొని గంటసేపు అభిప్రాయాలు అడిగే సర్వే, నిర్ణయం తీసుకునే మనిషిని వాకిట్లోనే వదిలేసి వస్తుంది.

ఇక అభిప్రాయాలకు ముందు అసలు లెక్కలే చూసుకోవాలి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 12-23 నెలల పిల్లల్లో టీకాలన్నీ పూర్తయినవాళ్లు దేశంలో 76.4 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 73, తెలంగాణలో 79.1. ఇది కార్డు చూసి గానీ, కార్డు లేకపోతే తల్లి గుర్తు చేసుకొని చెప్పింది గానీ కలిపి వేసిన లెక్క. కార్డు చూపించినవాళ్లనే తీసుకుంటే దేశంలో 83.8 శాతం. కార్డు జాగ్రత్తగా దాచుకునే ఇల్లు టీకాలూ జాగ్రత్తగా వేయిస్తుంది, అది ఊహించదగ్గదే. కార్డు లేని తల్లి ఐదు సూదుల్లో ఒకటి మరిచిపోయి చెప్పినా ఆ బిడ్డ ‘పూర్తికాని’ జాబితాలోకి పోతుంది. ఆ జాబితా మీద నిలబడి ‘కారణాలు’ వెతకడం మొదలవుతుంది.

నా మటుకు నేను, ఒక పీహెచ్‌సీ పరిధిలో జంకు ఎంతుందో చెప్పమంటే ప్రశ్నాపత్రం కంటే ముందు ఏఎన్ఎం రిజిస్టరు అడుగుతాను. ఆసుపత్రిలో పుట్టగానే బీసీజీ పడింది, ఆ తర్వాత ఏదీ లేదంటే, ఆ కుటుంబం ప్రసవానికి పుట్టింటికి వచ్చి వెళ్లిపోయిందేమో, పేరు ఏ ఊరి రిజిస్టర్లోకీ ఎక్కలేదేమో చూడాలి. ఆరో వారం పెంటావేలెంట్ వేయించి, పదో వారం, పద్నాలుగో వారం రాకపోతే ఆ తల్లికి టీకా మీద వ్యతిరేకత లేదు, ఒకసారి వచ్చింది. జ్వరం వస్తుందని ముందే చెప్పి మాత్ర చేతిలో పెట్టారో లేదో, ఆ రెండు బుధవారాలూ సెషన్ జరిగిందో లేదో కనుక్కోవాలి. అన్నీ సమయానికి పడి, మీజిల్స్-రుబెల్లా ఒక్కటే ఆగిందంటే ఆ టీకా మీదే ఏదో వదంతి నడుస్తున్నట్టు. ఈ మూడు జాబితాలు విడిగా తీయడానికి ఒక పూట చాలు, సర్వే ఖర్చు లేదు. మొదటి నుంచీ ఒక్కటీ లేని పిల్లలు, అదే ఊళ్లో ఉంటూ, పేరు రిజిస్టర్లో ఉండి కూడా రానివాళ్లు, చివరికి కొద్దిమందే మిగులుతారు. 15 వాక్యాల స్కేలు పట్టుకొని, తీరిగ్గా కూర్చొని మాట్లాడాల్సింది ఆ ఇళ్లలో.